నాలుగింటికి వచ్చే రిపోర్టు

"రూల్స్ పొద్దున్నే పెట్టేశానమ్మాయ్. ఇంకేంటి కంగారు?" అన్నాడు ఆఫీసంతా బాబాయ్ అని పిలిచే సీనియర్.

"పెట్టారు బాబాయ్, రిలీజ్ చేయలేదు." ఆమె తన స్క్రీన్ అతనివైపు తిప్పింది. "చూడండి, టెస్ట్ అకౌంట్లో రిపోర్టు ఇంకా తెరుచుకుంటోంది. రిపోర్టు ఎవరు ఎప్పుడు తెరవొచ్చో చెప్పే కొత్త రూల్స్ క్లౌడ్‌లో ఊరికే పడున్నాయి. కాపలా కాస్తున్నవి పాతవే."

అది ల్యాబ్ రిపోర్టుల యాప్. డాక్టరు కంటే ముందే జనం రిపోర్టులు చదివి బెంబేలెత్తిపోతున్నారని ఆసుపత్రివాళ్లే మార్పు అడిగారు. ఇకపై డాక్టరు చూశాకే రిపోర్టు తెరుచుకోవాలి.

"రేపు చేద్దాంలే. ఇప్పుడు ఏదైనా విరిగితే ఎవరతికిస్తారు?"

"నాలుగింటికి మా అమ్మ ఫోన్‌కి రిపోర్టు వస్తుంది బాబాయ్. ఆసుపత్రిలో ఆవిడ నంబరే ఇచ్చాం. ఇంట్లో ఒక్కతే ఉంది."

టైము మూడూ నలభై. బాబాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"ఏం రిపోర్టు?"

"గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకి పంపారు, అది. మంచైనా చెడైనా డాక్టరు నోట వినాలి. ఒక్కతే చదివితే తట్టుకోలేదు."

"పెద్దావిడకి ఎంత కష్టమొచ్చింది! కానివ్వు, అనుమతి నేనిస్తున్నా."

కొత్త రూల్స్‌ని అమల్లో పెట్టే రిలీజ్ ఒకటి సృష్టించమని ఆమె సర్వర్‌కి రిక్వెస్ట్ పంపింది. ఆ పేరుతో ఒకటి ఇప్పటికే ఉందని సర్వర్ తిప్పికొట్టింది.

"కొత్తది అడక్కు. ఉన్నదాన్నే కొత్త రూల్స్‌కి తిప్పు" అన్నాడు బాబాయ్, ఆమె భుజం మీదుగా వంగి.

ఈసారి సర్వర్ ఒప్పుకుంది. అమల్లోకి రావడానికి మాత్రం కొన్ని నిమిషాలు పడుతుంది. ఆమె టెస్ట్ అకౌంట్లో నొక్కింది. రిపోర్టు తెరుచుకుంది. మళ్లీ నొక్కింది. తెరుచుకుంది. మూడూ యాభై ఎనిమిదికి, 'అనుమతి లేదు' అని వచ్చింది.

నాలుగూ రెండుకి అమ్మ ఫోన్ చేసింది.

"వచ్చిందని మెసేజ్ వచ్చిందే, నొక్కితే తెరుచుకోదే! ఇదేం యాప్ తల్లీ, పిలిచి మరీ తలుపేస్తోంది?"

"డాక్టరు చూశాక తెరుచుకుంటుందమ్మా. నేను వెళ్లి కలిసొస్తా."

"నేనూ రానా?"

"వద్దు. నువ్వు ఇంట్లోనే ఉండు."

అరగంటలో ఆసుపత్రికి చేరుకుంది. కౌంటర్ దగ్గరి అమ్మాయి కంప్యూటర్లో చూసి తలెత్తింది.

"డాక్టరుగారు పేషెంటుతోనే మాట్లాడతారట మేడమ్. వెంట తీసుకురాలేదా?"

"నేనేనండీ పేషెంటుని."