గోతిలో ఉప్పు

"కొబ్బరికి ఉప్పు పడదంటే ఎలాగండీ పిన్నిగారూ? మొక్క నాటేటప్పుడు గోతిలో మనమే గుప్పెడు వేస్తాం కదండీ" అన్నాడు జగ్గారావు, తగువు తీర్చడానికొచ్చిన ఊరిపెద్దల వైపు చూసి నవ్వుతూ.

పెద్దలూ నవ్వారు. లోవమ్మకి ఒళ్లు మండిపోయింది. గోతిలో వేసే గుప్పెడు ఉప్పూ, ఏడాది పొడుగునా తన తోటలోకి ఊరుతున్న రొయ్యల చెరువు నీళ్లూ ఒకటేనట! పక్కనున్న వరిచేను తవ్వించి, ఉప్పుటేటి నీళ్లు తోడి నింపాడు మహానుభావుడు. ఇప్పుడామె తోటలో నేలంతా తెల్లగా పొక్కిపోయింది. ఎక్కడ తవ్వినా ఒక్క వానపాము కనబడదు. కొబ్బరిపిందెలు పిందెలుగానే రాలిపోతున్నాయి. రేపు మళ్లీ చెరువుకి నీళ్లు పెడతానంటున్నాడు. ఇవాళ పెద్దలు వద్దంటే ఆగుతాడు. లేకపోతే ఆ తోటలో ఇక మోడులే మిగులుతాయి.

కానీ వద్దనేదెవరు? వాళ్లు కూర్చున్నది జగ్గారావు కొత్తింటి అరుగు మీద. తాగుతున్నది అతను కొట్టించిన బొండాలు. సాక్ష్యంగా ఆమె తోటలోంచి గంపెడు మట్టి మోసుకొస్తే, అందులోకి తొంగి చూసిన నాథుడు లేడు.

వాళ్లలో పెద్దాయన కామేశ్వరరావు మూతి తుడుచుకుని, ఎరువు చాల్లేదేమో చూసుకోమన్నాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ తోట చేస్తున్న మనిషికి ఎరువు సంగతి చెబుతున్నాడు!

"ఆ మట్టికేం లోటండీ? నా చెరువు గట్టుదీ అదే మట్టి. బంగారం అనుకోండి" అన్నాడు జగ్గారావు.

"ఆయ్" అంటూ తలలూపారు పెద్దలు.

లోవమ్మ చుట్టూ చూసింది. ప్రహరీ పక్కన కొత్తగా తీసిన గోతులూ, నాటడానికి తెచ్చిన కొబ్బరిమొక్కలూ కనబడ్డాయి. గంప ఎత్తుకుని అటు నడిచింది.

"బంగారమంటున్నావు కదా బాబూ. నీ మొక్కలకే పోస్తాను."

జగ్గారావు అరుగు మీంచి లేవబోయాడు. పెద్దలంతా తననే చూస్తున్నారు. మళ్లీ కూర్చున్నాడు.

"పొయ్యండి, దానికేముంది" అన్నాడు.

ఆమె గంప వంచబోయేసరికి జగ్గారావు భార్య సాయిదుర్గ టీ గ్లాసులతో వాకిట్లోకి వచ్చింది. లోపల వంటలో ఉన్న మనిషి, బయట మాటలేవీ వినలేదు.

"ఎక్కడి మట్టండీ అత్తయ్యగారూ?"

"మా తోటదేనమ్మా. మీ చెరువు పక్కది."

సాయిదుర్గ గ్లాసులు అరుగు మీద పెట్టేసి, గబగబా వచ్చి గంప పట్టుకుంది.

"అది పొయ్యకండి అత్తయ్యగారూ. మొదట ఇక్కడ నాటిన మొక్కలన్నీ ఆ చెరువు గట్టు మట్టికే చచ్చిపోయేయి. అందులో గడ్డిపరక కూడా బతకదని, ఈయనే లంకల నుంచి ఒండ్రుమట్టి తెప్పిస్తున్నారండి."