గాలికి దారి

సాయంత్రం ఖుతైబా రిపేరుకి తెచ్చిన కంప్యూటర్ మూత తన కొట్లో విప్పగానే దురైద్‌కి ఒళ్ళు మండింది. లోపలి వైర్లన్నీ గుంజి, చేపల గాలానికి కట్టే దారంతో ఫ్యాన్ రెక్కలకు బిగించేశారెవరో. ఏడు ముడులు!

"ఏ గాడిద చేసిన పనిరా ఇది? గాలెట్లా ఆడుతుంది?"

"సంతలో ఒక ముసలమ్మ దగ్గర కొన్నాను బాబాయ్. ముడులు మాత్రం విప్పొద్దని కాళ్ళావేళ్ళా పడింది," అని నవ్వేసి, దుమ్ము తుఫాను ముదరకముందే ఇంటికి పరిగెత్తాడు ఖుతైబా.

దురైద్ షట్టర్ దించి, బస్రాలో అందరూ చేసినట్టే కింది సందులో తడిగుడ్డలు కుక్కాడు. ఆ దారాన్ని ముక్కలుముక్కలుగా కత్తిరించి పారేశాడు. వైర్లను మదర్‌బోర్డు బిగించిన పలక వెనక్కి తోసి ముచ్చటగా సర్దాడు. గాలికి దారి తెరుచుకుంది.

అంతలో వీధికంతా కరెంటిచ్చే జనరేటర్ ఆగిపోయింది. కొవ్వొత్తి వెలిగించి చూస్తే, ఫ్యాన్ తిరుగుతోంది.

ప్లగ్గు ఇంకా పెట్టనే లేదు.

ముందువైపు చెయ్యి పెట్టాడు. గాలిని లోపలికి లాగుతోంది. వెనకవైపు పెట్టాడు. ఏమీ రావడం లేదు. ఎంతసేపు చూసినా, పోయిన గాలి బయటికి రాలేదు.

కొవ్వొత్తి మంట పెట్టెవైపు వంగింది. స్క్రూడ్రైవర్ అడ్డం పెడితే చేతిలోంచి లాక్కుంది. షట్టర్ ఎత్తబోయాడు. రేకు లోపలికి సొట్టపడి, కదల్లేదు.

ఆయాసపడుతూ మోకాళ్ళ మీద కూలబడి దారం కోసం వెతికాడు. ఏ ముక్కా వేలెడు పొడవు లేదు. రెండు ముక్కల్ని కలిపి ముడేస్తుండగా కొవ్వొత్తి ఆరిపోయింది.

చీకట్లో ఫ్యాన్ హాయిగా తిరుగుతోంది.