పసుపు చుక్క

“పెద్దాయనా, తాడు దాటొద్దని ఎన్నిసార్లు చెప్పాలి?”

బండి చుట్టూ కట్టిన తాడు మీదుగా వేసిన కాలు ఆయన వెనక్కి తీసుకున్నాడు.

“ఒక్కసారి ముందు చక్రం దగ్గర చూడనివ్వమ్మా. అయిదు నిమిషాలు చాలు.”

షోరూమ్ మేనేజరమ్మకు ఒళ్లు మండింది. మండదా మరి! పేరుమోసిన కార్ల కంపెనీతో కలిసి చేసిన మోటార్‌సైకిల్ అది. మొత్తం చేసిందే అరవై మూడు. కారు సీట్లకు వాడే తోలు, కారుకు వేసే రంగు, ట్యాంకు మీద ఇత్తడి నంబరు. ఈ షోరూమ్‌కు వచ్చింది ఇరవై ఏడో నంబరుది, ఒక్కటే. కొన్నాయన ఇల్లు కొండ మీద. శనివారం అప్పగించాలి. ఈలోగా చిన్న గీత పడిందా, ఆవిడ ఉద్యోగానికి నీళ్లు వదులుకోవలసిందే.

“మీరు కొంటారా?”

“నేనా!” ఆయన నవ్వాడు. “కొన్నవాళ్ల కోసమేనమ్మా అడుగుతున్నది.”

“ఇంతకీ మీరెవరు?”



“చెప్పకూడదమ్మా. చెప్పనని సంతకం పెట్టాను.”

గోడ మీది పోస్టర్‌లో తెల్లకోట్ల నిపుణులు ఈ బండినే బిగిస్తూ నవ్వుతున్నారు. ఈయన చొక్కా మోచేతి దగ్గర చిరిగి ఉంది.

“ఇలాంటి కథలు రోజుకు పది వింటాం. దయచేయండి.”

మర్నాడు మళ్లీ వచ్చాడు. లోపలికి రానివ్వకపోతే సాయంత్రం దాకా మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరైనా జాలిపడతారు. ఆవిడ పడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం భోంచేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి ఏముంది! తాడు అవతల, ముందు చక్రం పక్కన నేల మీద పడుకుని ఉన్నాడు. చేతిలో పానా.

“దొంగ! దొంగ! పట్టుకోండి!”

వాచ్‌మన్ కాలరు పట్టుకుని లేపాడు. పానా ఠంగుమని కింద పడింది.

“ఇంక భయం లేదమ్మా,” అన్నాడాయన, రొప్పుతూ.

“భయమంటే ఏమిటో నేను చూపిస్తానుండు!”

నిలబెట్టి ఫొటో తీసింది. కింద రాసి, బండి కంపెనీకీ, ఊరూరా ఉన్న షోరూములన్నిటికీ పంపింది. ‘ఈ మనిషి బళ్ల విడిభాగాలు దొంగిలిస్తున్నాడు. ఎక్కడ కనిపించినా గడప తొక్కనివ్వకండి.’

ఆయన జేబులోంచి ఒక కాగితం జారి పడింది. ఇరవై మూడు నుంచి ఇరవై తొమ్మిది దాకా ఏడు నంబర్లు. మొదటి నాలుగింటికి టిక్కులు.

“అమ్మో! వరసపెట్టి దోచుకొస్తున్నాడన్నమాట!”

కాగితాన్ని సాక్ష్యంగా సొరుగులో దాచింది. చక్రం అంచున ఏదో పసుపురంగు చుక్క పడి ఉంటే, ఆయన్ని నోటికొచ్చినట్టు తిడుతూ తుడిచేసింది.

ఆ షోరూమ్‌లోనే మెకానిక్‌గా పనిచేసే తమ్ముడు బండి అంతా తడిమి చూశాడు.

“ఏమీ పోలేదక్కా. అన్నీ గట్టిగానే ఉన్నాయి.”

“సమయానికి నేను చూశాను కాబట్టి సరిపోయింది.”

శనివారం తమ్ముడే బండిని కొండెక్కించాడు. కొన్నాయన్ని వెనక కూర్చోబెట్టుకుని, ఒకసారి కిందిదాకా దింపి చూపించాడు కూడా.

“మలుపులో లారీ ఎదురొచ్చిందక్కా. ముందు బ్రేకు నొక్కితే మేకు కొట్టినట్టు ఆగింది. భలే బండిలే!”

అక్క మురిసిపోయింది.

మూడు వారాలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది.

ఒక వారం హడావుడిగా పంపిన ఏడు బళ్లకు, ముందు బ్రేకును పట్టి ఉంచే బోల్టు పూర్తిగా బిగించలేదట. బిగించాక బోల్టు మీద పసుపు చుక్క పెడతారట. అది లేకపోతే బండిని కదపవద్దట. కింద నంబర్లు ఉన్నాయి. ఇరవై మూడు నుంచి ఇరవై తొమ్మిది.

ఆవిడకు పెద్దాయన కాగితం గుర్తొచ్చింది. సొరుగులాగి కాగితం తీసింది. అవే ఏడు. అదే వరస.

కొండ మీదికి పరిగెత్తిన తమ్ముడు అక్కణ్ణుంచి ఫోన్ చేశాడు.

“లోపల బోల్టు మీద చుక్క అలాగే ఉందక్కా. తడి ఆరకముందే ఎవరో లాగేసినట్టు పక్కకు చెదిరింది. మీద బొటనవేలి ముద్ర కూడా ఉంది.”

ఆవిడ కాగితంలో ఇరవై ఏడో నంబరు చూసింది. టిక్కు లేదు.

“అక్కా, ఆ రోజు ఆయన రాకపోయుంటే... ఆ మలుపులో నేను...”

 ఆవిడకు ఏడుపు తన్నుకొచ్చింది. కాలరు పట్టించానే! దొంగంటూ ఊరూరా చాటానే!

ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది.

“ఫొటోలో ఉన్న పెద్దాయన ఎక్కడుంటారండీ? కాళ్ల మీద పడాలి.”

అవతలి మనిషి ఎదురు ప్రశ్న వేశాడు.

“ఫొటో పంపింది మీరేనా?”

“నేనేనండీ.”

“బళ్లు వెనక్కి రప్పిద్దామంటే పేరు పోతుందని పైవాళ్లు ఒప్పుకోలేదు. పాపం, మా ఫ్యాక్టరీలో పనిచేసే ఆ పెద్దాయనే సెలవు పెట్టి ఒక్కో ఊరే తిరిగాడు. మీ తర్వాత ఇరవై ఎనిమిదో నంబరు. అక్కడ గేటుకు మీరు పంపిన ఫొటో అంటించి ఉంది. ఎంత బతిమాలినా రానివ్వలేదట. ఆ వారమే ఆ బండి పడిపోయింది. అప్పటికిగానీ పైవాళ్లు ఉత్తరాలు పంపలేదు. నడిపిన కుర్రాడు ఇంకా కళ్లు తెరవలేదు.”



“పెద్దాయన... ఆయనెక్కడ?”

“ఆసుపత్రిలో ఆ కుర్రాడి మంచం పక్కనే ఉన్నాడండీ. ఆ ఏడు బళ్ల ముందు బ్రేకులూ బిగించింది నేనే, తప్పంతా నాదేనని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు.”