పాత సైలెన్సర్

ఎంబాలే బజారులో కొన్న పాత సైలెన్సర్‌ను మా ఆయన మసాబా తన బైకుకు వెల్డింగు చేయించి, మోత పెరగాలని లోపలి జాలీ తీయించాడు.

"కొండ కింద ఉండగానే నేనొస్తున్నట్టు తెలిసిపోతుంది, పెళ్లికూతురా!"

పెళ్లయి పన్నెండు రోజులు. ఆ మోత కూడా నాకు ముద్దొచ్చింది.

చీకటి పడ్డాక ఇద్దరం బైకు మీద ఇంటికి వస్తుంటే, కాఫీతోటల మధ్య ఎవరిదో ఇల్లు. మా మోత వినగానే గేటు తెరుచుకుంది. ముసలమ్మ ఒకామె లాంతరు ఎత్తి చూసింది.

"ఇన్నేళ్లా నాయనా? నీ బండి మోత వినగానే నువ్వేనని తెలిసింది. నీకని వండిన అరటికాయ మటోకే చల్లారిపోయింది."

నేను నవ్వాను. మసాబా నవ్వలేదు. ఇంజను ఆపి దిగాడు.

"ఎక్కడికి? ఇది మనిల్లు కాదుగా!"

ఎన్నడూ చూడని ఆ పొట్టి గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచి లోపలికి వెళ్లాడు. గేటు మూసుకుంది. పేరు పెట్టి అరిచాను.

"ఎవరో పిల్ల పిలుస్తోందిరా," అంది ముసలమ్మ లోపల.

"ఎవరోనమ్మా, నాకు తెలీదు," అన్నాడు మా ఆయన.