ఆగని మోత

“కొట్టడం వస్తోంది, ఆపడమే రావట్లేదు!” రస్మిని చెక్కసుత్తి పక్కన పడేసింది. దోమకాటుతో వచ్చిన జ్వరం తగ్గినా, మెదడులో నరాలు దెబ్బతిని ఎడమచెయ్యి మాట వినడం లేదు. వాద్యంలో కొట్టిన కంచుపలకను ఆ చేత్తో పట్టి ఆపకపోతే దాని మోత తర్వాతి స్వరం మీద పడుతుంది.

“అచ్చం నీ నోరే,” అంది బాలి దీవిలోని ఆ ఆడవాళ్ల వాద్యబృందానికి పెద్ద అయిన సుకెర్తి. “లే, పెద్ద జేగంట దగ్గర కూర్చో.”

“జాలి పడకక్కా! ఎప్పుడో ఒక దెబ్బ, అదీ ఒక వాయింపేనా?”

“ఆ దెబ్బతోనే పాట ఒక చుట్టు ముగిసేది. అది పడేదాకా మేమంతా ఉన్నచోటే తిరుగుతుంటామే పిల్లా. దాని మోతను ఎవరూ ఆపరు కూడా.”

వాయింపు మొదలైంది. చుట్టు చివర అందరూ రస్మిని వైపు చూశారు. ఆమె కావాలనే ఒక్క క్షణం ఆగింది.

“కొట్టవే తల్లీ!” అని అరిచింది సుకెర్తి.

రస్మిని నవ్వుతూ కొట్టింది. మోత వరిచేల దాకా పోయింది. ఎడమచెయ్యి ఒళ్లో హాయిగా పడుకునే ఉంది.