పాయింటర్ చదవని గది

ఆ శీతల గిడ్డంగిలో వరసగా ఐదు గదులు. ఏ గదిలో ఎందరున్నారో తెర మీద చూపే ప్రోగ్రాంను సరిచేయడానికి ఆమె ఆ రాత్రి ఐదో గదిలో ఒంటరిగా కూర్చుంది. తెర మీద నాలుగు అంకెలే వస్తున్నాయి: 0 0 0 1. ఆ చివరి ఒకటి తనే.

తప్పు ఇట్టే దొరికింది: *++p. గదుల అంకెలను వరసగా చదవాల్సిన పాయింటర్ ముందు అడుగు వేసి, తర్వాత చదువుతోంది. అందుకే మొదటి గది లెక్కలోకే రావడం లేదు. ఈ కోడు రాసిన అంతటి మాస్టారూ పప్పులో కాలేశారన్నమాట అని నవ్వుకుని, *p++ అని మార్చింది. ఇక ముందు చదివి, తర్వాత అడుగు వేస్తుంది.

1 0 0 0.

మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, మొదటి గదికి తాళం వేసుంది కదా. ఒకరున్నట్టు చూపిస్తోందేంటండీ?"



"దాన్నెందుకు కదిపావమ్మా? నేను కావాలనే అలా రాశాను. ఎవరూ చదవనంతకాలం అది అక్కడే ఉండేది. ముందు మళ్ళీ మార్చెయ్."

తెర మీద ఒకటి రెండో గదికి జరిగింది. తర్వాత మూడో గదికి. కంప్రెసర్ల రొద ఆగిపోయింది. నాలుగో గదికి.

0 0 0 0.

హమ్మయ్య, పోయింది అనుకుంది. అప్పుడు గుర్తొచ్చింది. గదుల్ని ఒక్కొక్కటిగా చదివే లూప్ తిరిగేది ఇప్పటికీ నాలుగుసార్లే. మొదటి గదిని కలుపుకుంది కనుక, చివరి గదిని చదవడం మానేసింది.

ఆమె తెర మీద నుంచి చూపు తిప్పలేదు.