దూలయ్య వేషం

హాలు ఊడ్వాలి. రేకు కారే చోట టార్పాలిన్ కట్టాలి. పోలీస్ స్టేషన్ నుంచి పర్మిషన్ కాగితం తేవాలి. మైకు సెట్టు దింపించాలి. మండల ఆఫీసు నుంచి వచ్చే సారుకు చేతుల కుర్చీ వెయ్యాలి. దూలయ్య దగ్గకుండా చూడాలి.

పొద్దున్నే రమణ చీటీ మీద రాసుకున్న పనులివి. అన్నిటికన్నా కష్టం చివరిదే.

భద్రాచలం రోడ్డు దిగి అడవిలోకి ఐదు కిలోమీటర్లు పోతే వస్తుంది ఆ ఊరు. అక్కడ రేకుల హాలు ఒకటుంది. పేరు కళాభవనం. దాన్ని సర్కారు కట్టలేదు. తునికాకు కోతలప్పుడు ఇంటికి ఒక రోజు కూలి తీసిపెట్టి ఊరే కట్టుకుంది. పునాదికి వాగులోంచి రాళ్లు మోసింది దూలయ్య. నాటక సమాజం పెట్టిందీ ఆయనే. ఊళ్లో మొదటి డిగ్రీ చదివిన పాపానికి రమణకు సెక్రటరీ పని అంటగట్టిందీ ఆయనే.

ఇప్పుడా హాలు పోయేటట్టుంది. మూడేళ్లుగా వాడకంలో లేదు కాబట్టి ఎరువుల గోదాముకు ఇచ్చేస్తామని మండల ఆఫీసు కాగితం పంపింది. రమణ కాళ్లావేళ్లా పడితే సారు ఒక్క గడువిచ్చాడు.

"ఆదివారం నేనే వస్త. నాటకం ఆడుతుండాలె, హాలు నిండాలె. లేదంటే సోమవారం తాళం నాది."

ఆడొద్దని ఎవరూ అనుకోలేదు. రెండేళ్లు పోలీసులు పర్మిషన్ ఇవ్వలేదు. అడవిలో రాత్రి ఆటలేంటన్నారు. పోయినేడు పగటి ఆటకు ఒప్పుకున్నారు గానీ, గజ్జె కట్టే వేళకు ఊళ్లో ఒక ముసలామె పోయింది. పీనుగ లేవకముందు ఆ ఊళ్లో ఆట ఆడరు, చూడరు. అడవి గూడేల నుంచి నడిచొచ్చిన జనం అట్లాగే నడిచి వెళ్లిపోయారు.

ఈసారి నాటకం 'నాలుగో భుజం'. తండ్రి చచ్చిపోతే, పాడె ఎవరు మొయ్యాలని ముగ్గురు కొడుకులు కొట్లాడుకుంటారు. గంటసేపు శవం స్టేజీ మధ్యలో ఉండాలి. ఆ వేషం దూలయ్యది. "డెబ్భై ఏండ్లొచ్చినయ్. మాటలేం యాదుంటయ్‌రా, నాకిదే ఇయ్యి" అని అడిగి తీసుకున్నాడు. తీరా రిహార్సల్లో ఒక్కనాడూ కుదురుగా చావలేదు. దగ్గేవాడు. పెద్దకొడుకు వేషం వేసే రాంబాబు అరికాలు గీకితే పక్కున నవ్వేవాడు.

"రేపన్న సరిగ్గ చావు మామా," అన్నాడు రమణ నిన్న, విసిగిపోయి.

"రేపు జూడు," అన్నాడు దూలయ్య, దగ్గుతూనే.

తొమ్మిదింటికి మైకు వచ్చింది. పదింటికి కిరాణా కొట్టులో కాయిన్ బాక్స్ ఫోను మోగింది. తల్లి వేషం వేసే పుష్పలత, ఖమ్మం నుంచి వస్తూ. ఎక్కిన బస్సు దారిలో చెడిపోయిందట. ఆటకు అందుకోలేనంది.

రమణ ఏం చెయ్యాలో తోచక దూలయ్య ఇంటికి పరుగెత్తాడు. దూలయ్య భార్య పుల్లమ్మ గడపలో అడ్డంగా కూర్చుని ఉంది.

"మామేడి అత్తా?"

"రాత్రంత దగ్గి దగ్గి ఇప్పుడు నిమ్మలమైండు. పోకు లోపటికి. నేనూ మా అన్న పోతయ్య మంచంతోటే తెస్తం. రంగు గూడ నేనే పూస్త. పండుకునే వేషమే గద."

"పుష్పలత వస్తలేదత్తా. తల్లి వేషానికి ఎవరు లేరు. ఇగ హాలు పోయినట్టే." రమణ గడప ముందే కూలబడ్డాడు.

పుల్లమ్మ ఒకసారి లోపలికి తిరిగి చూసింది. ముప్పై ఏళ్లుగా నాటకపోళ్లకు అన్నం వండిపెట్టిందే తప్ప ఏనాడూ స్టేజీ ఎక్కలేదామె.

"నేను కూసుంట," అంది చివరికి. "మాటలు రావు నాకు. ఏడుస్త."

పదకొండింటికి హాలు నిండింది. సారు ముందు వరుసలో వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు. తెర లేచింది.

కొడుకులు కొట్లాడుకుంటుంటే జనం పడీపడీ నవ్వారు. పక్క తెర చాటు నుంచి మాటలందిస్తున్న రమణ కళ్లు మాత్రం మంచం మీదే ఉన్నాయి. ఇప్పుడు దగ్గుతాడు. ఇదిగో, ఇప్పుడు నవ్వుతాడు. రాంబాబు అలవాటు కొద్దీ అరికాళ్ల దిక్కు చెయ్యి చాపాడు. పుల్లమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది. పాదాలకు కొంగు కప్పి, రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. అది నాటకంలో లేదు. జనం దానికీ నవ్వారు.

చివర తల్లి ఏడ్చే ఘట్టం. పుల్లమ్మ తలొంచుకుని పాదాలే నిమురుతోంది.

"ఏడ్వు అత్తా, ఏడ్వు," అని రమణ చాటు నుంచి బతిమాలాడు.

అప్పుడందుకుంది. వాగులో రాళ్లు మోసిన భుజాలట. తునికాకు కట్టలకు కాయలు గాసిన చేతులట. అందరికీ భుజమిచ్చినోడికి భుజమెవరిస్తరయ్యా అని అడిగింది. రాసిన కాగితంలో ఒక్క మాటా లేదు. నవ్విన జనమే ముక్కులు చీదారు. సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

తెర పడకముందే ఆయన స్టేజీ ఎక్కాడు. గోదాము కాగితం మీద అడ్డంగా గీత కొట్టి, హాలు నాటక సమాజానిదేనని రాసి, అందరి ముందూ సంతకం పెట్టాడు. చప్పట్లకు రేకులు మోగాయి. రమణ మంచం దగ్గరికి ఉరికాడు.

"గెలిచినం మామా, లే. ఒక్క దగ్గు గూడ దగ్గకపోతివి గద."

పుల్లమ్మ అతని చెయ్యి పట్టి ఆపింది.

"సంతకమైందా అల్లుడూ?"

"అయిందత్తా."

ఆమె కొంగు సర్దుకుని మైకు దగ్గరికి నడిచింది.

"తెల్లారగట్ల నాలుగింటికే పోయిండు మా దూలయ్య, ఈ హాలుకొచ్చినప్పుడల్లా ఆయన్ని జర యాది చేసుకోన్రి."